తల్లి నూలు చీర మీద బిడ్డ ఎదుగుదలను కుట్టి దాచుకోవడం ఎలా

బిడ్డ పెరుగుతున్న ఇంట్లో ప్రతి నెలా ఏదో ఒకటి పొట్టిదవుతుంది, బిగుతవుతుంది, లేదా అవసరం తీరిపోతుంది. మొలతాడు మారుస్తారు, జుబ్బాలు మరో ఇంటి పసిబిడ్డకు వెళ్తాయి, పలక పగులుతుంది, గోడ మీద గీసిన గీతలు పండక్కి సున్నం వేసినప్పుడు పోతాయి. ఫోన్ నిండా ఫోటోలు ఉన్నా, ఆ పాదం ఎంత పొడవు ఉండేదో, ఆ నడుము చుట్టూ ఎంత తాడు సరిపోయేదో ఫోటో చెప్పలేదు. కొలతను, గీతను, మాటను ఒకే బట్ట మీద ఏడాదికేడాది కుట్టి నిలుపుకునే పద్ధతి ఒకటి ఇక్కడ వివరిస్తున్నాను. దీనికి కావలసినవి తల్లి కట్టి కట్టి మెత్తబడిన ఒక నూలు చీర, సూదీ దారం, కొంత కోరా గుడ్డ, ఏడాదికి రెండు మూడు తీరిక మధ్యాహ్నాలు.

చీరనే ఎంచుకోవడానికి భావోద్వేగం ఒక్కటే కారణం కాదు, కొలతలు కూడా అలాగే కుదిరాయి. మామూలు చీర పొడవు సుమారు 5.5 మీటర్లు ఉంటుంది. దాన్ని 30 సెంటీమీటర్లకు ఒక గడి చొప్పున విడదీస్తే 18 గడులు వస్తాయి కాబట్టి, పుట్టిన ఏడాది మొదలుకొని 18 నిండే దాకా ఒక్క చీర సరిపోతుంది. చీర పన్నా సుమారు 115 సెంటీమీటర్లు. నెలలు నిండి పుట్టిన బిడ్డ పొడవు 50 సెంటీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది, ఏడాదికి 75 దాకా వస్తుంది, నాలుగేళ్లకు మీటరు చేరుతుంది, ఆరేళ్లు వచ్చేసరికి చాలామంది పిల్లలు సరిగ్గా చీర పన్నా అంత ఎత్తు అవుతారు. ఈ సంగతి మన పనికి ఎంత ఉపయోగపడుతుందో ఎత్తు దారం దగ్గర చెబుతాను.

పని మొదలుపెట్టే ముందు ఒక విషయం మనసులో పెట్టుకోవాలి. ఇది బిడ్డ గురించి మాత్రమే చేసే పని కాదు, ఆ బిడ్డను పెంచిన మనిషి గురించి కూడా. అమెరికాలో పుట్టి లండన్‌లో పనిచేసిన మేరీ కెల్లీ అనే కళాకారిణి 1973 నుంచి 1979 వరకు తన కొడుకు ఎదుగుదలను ఆరు భాగాల కళాకృతిగా నమోదు చేసింది. అందులో పసివాడి ఉన్ని బనియన్లు, ఏ పూట ఏం తిన్నాడో రాసిన పట్టికలు, మరకలు పడిన పొత్తిగుడ్డలు, తొలి పలుకులు, పిచ్చిగీతలు, ప్లాస్టర్‌లో ముద్రించిన చేతులు, చివరికి పలకల్లాంటి బిళ్లల మీద చెక్కిన వాడి తొలి అక్షరాలు ఉన్నాయి. వాటి పక్కనే తల్లిగా తన సందేహాలను, తనకు కలిగిన దిగులును ఆమె రాసుకుంది. 1976లో లండన్‌లో కొన్ని భాగాలను ప్రదర్శించినప్పుడు అక్కడి పత్రికలు పొత్తిగుడ్డలను పట్టుకొని ఎగతాళి చేశాయి. ఈనాడు దాన్ని మాతృత్వంపై వచ్చిన అతి ముఖ్యమైన కళాకృతుల్లో ఒకటిగా చదువుకుంటున్నారు. ఆమె దారి మేధావుల దారి, మనది ఇంటి దారి. అయినా ఆమె నుంచి మనం తీసుకోదగిన నియమం ఒకటుంది: బిడ్డ గుర్తు పక్కన తల్లి మాట లేకపోతే ఆ నమోదు సగమే అవుతుంది.

మొదటి పని: చీరను ఎంచి సిద్ధం చేయడం

నూలు చీరే తీసుకోండి. కడప జిల్లా మాధవరం నేత చీర గానీ, కర్నూలు జిల్లా ఎమ్మిగనూరు వైపు నేసిన నూలు బట్ట గానీ ఇంట్లో ఉంటే అంతకంటే మేలైనది లేదు. ధర్మవరం పట్టుచీర ఎంత ప్రియమైనదైనా ఈ పనికి వద్దు, ఎందుకంటే పట్టు మీద పెన్సిలు గీత నిలవదు, సూది రంధ్రాలు మూసుకోవు, జరీ నల్లబడుతుంది. రంగు లేతగా, ఒళ్లంతా సాదాగా ఉన్న చీర అయితే కుట్టు బాగా కనిపిస్తుంది.

బిడ్డకు ఉయ్యాలగా కట్టిన చీర మీ దగ్గర ఉంటే మాత్రం రంగు చూడకుండా దాన్నే తీసుకోండి. అలాంటి చీరను వెలుతురుకు ఎత్తి పట్టుకొని చూడండి. దూలానికి ముడి వేసిన చోట పోగులు ఒకదానికొకటి దూరంగా జరిగి సన్నని జల్లెడలా కనిపిస్తుంది, బిడ్డ బరువు ఆనిన నడిమి భాగంలో నేత ఒక పక్కకు లాగినట్టు కొద్దిగా వంకరపోయి ఉంటుంది. ఆ రెండు చోట్లనూ ఇస్త్రీ పెట్టి సరిచేయవద్దు. చేను గట్టున వేపచెట్టుకు చీర ఉయ్యాల కట్టి, బిడ్డను పడుకోబెట్టి చెనిక్కాయలు పీకిన తల్లులు అనంతపురం పల్లెల్లో ఎందరో ఉన్నారు. అలాంటి చీర మీద ఇంకా ఒక్క కుట్టు పడకముందే మొదటి గుర్తు పడి ఉంది.

చీరను కుంకుడుకాయ రసంలో నానబెట్టి, పిండకుండా ఉతికి, నీడలో ఆరబెట్టాలి. గంజి పెట్టకూడదు, గంజి వాసనకు వెండి పురుగులు, బొద్దింకలు వస్తాయి. పాత చీర ఒంటిగా కుట్టు బరువు మోయలేదు కాబట్టి వెనుక కొత్త కోరా గుడ్డ వేయాలి. ఆ గుడ్డను ఒక రాత్రంతా నీళ్లలో నానబెట్టి ఆరవేస్తే అది కుంగవలసినంత ముందే కుంగుతుంది. ఈ పని వదిలేస్తే తర్వాత ఎప్పుడు తడిసినా చీర మొత్తం ముడతలు పడుతుంది. రెండు బట్టలనూ నేల మీద పరచి, మధ్య నుంచి అంచులకు చేత్తో సాపు చేస్తూ, జానెడు దూరానికి ఒక టాకా వేసి నిలపండి. మన ఇళ్లలోని కడప బండల నేల ఈ పనికి ఎంతో అనువైనది, చల్లగా ఉంటుంది, బట్ట జారదు, గతుకులు ఉండవు. తర్వాత 30 సెంటీమీటర్లకు ఒక నిలువు గీత పెన్సిలుతో గీసి, దాని మీద బొంతలకు వేసే సాదా కుట్టు వేయండి. గడుల మధ్య లేపాక్షి అంచులు, మామిడి పిందెలు కుట్టాలన్న కోరిక కలుగుతుంది. అవి పండుగ చీరకు అందం గానీ ఇక్కడ బిడ్డ గీతను మింగేస్తాయి, కాబట్టి ఆ కోరికను పక్కన పెట్టమని నా మనవి.

దారానికి ఆరు పోగుల ఎంబ్రాయిడరీ నూలు దారం తీసుకొని రెండు పోగులుగా విడదీసి వాడండి. ముదురు ఎరుపు, నలుపు, నీలం దారాలను తడి తెల్లగుడ్డతో రుద్ది, రంగు వదలడం లేదని తేల్చుకున్నాకే సూదికి ఎక్కించండి.

రెండవ పని: ఎత్తు దారం

రెండేళ్ల లోపు బిడ్డను పడుకోబెట్టి, నడినెత్తి గోడకు ఆనేలా చూసి, మోకాళ్లు నెమ్మదిగా చాపి, అరికాలికి ఒక అట్ట పుస్తకం నిలబెట్టి, గోడ నుంచి పుస్తకం దాకా నేల మీద దారం పరచి కత్తిరించాలి. రెండేళ్లు దాటాక గోడకు నిలబెట్టి కొలవవచ్చు. దారాన్ని లాగి పట్టుకుంటే సాగుతుంది, వదులుగా పరచి కొలవండి. ఆ దారాన్ని ఆ ఏటి గడిలో కింది అంచు నుంచి పైకి నిలువుగా పరచి, వేలెడు దూరానికి ఒకటి చొప్పున దాని మీదుగా చిన్న పట్టుకుట్లు వేసి బట్టకు నిలపాలి. దారాన్ని సూదికి ఎక్కించి కుట్టవద్దు, అలా చేస్తే కొలత పోతుంది.

ఏటా పుట్టినరోజు నాడే కొలవండి. మొదటి గడిలో మాత్రం పుట్టిన వారంలోని కొలత ఒకటి, తొలి పుట్టినరోజు కొలత ఒకటి, రెండు దారాలు పక్కపక్కనే ఉండాలి, ఎందుకంటే మనిషి జీవితంలో అంత వేగంగా ఎదిగే ఏడాది మళ్లీ రాదు. గడి గడికీ దారం మెట్టు మెట్టుగా పైకెక్కి, ఆరో గడిలోనో ఆ పక్కనో పై అంచును తాకుతుంది. అక్కడి నుంచి దారాన్ని మలుపు తిప్పి కిందికి దించాలి. బిడ్డ తల్లి చీర పన్నాను దాటి పోయిన ఏడు అది. ఆ మలుపు దగ్గర వేరే రంగు దారంతో తేదీ కుట్టండి.

మూడవ పని: పాదం, మొలతాడు

పాదాన్ని రంగులో ముంచి అద్దడం సులువుగా కనిపిస్తుంది, కానీ పసుపు ఎండకు వెలిసిపోతుంది, పసుపూ సున్నం కలిపిన పారాణి ఎరుపు ఒక్క ఉతుకుకు తిరగబడుతుంది, బజారు కుంకుమలో ఏ రంగులు కలిపారో తెలియదు, పసిబిడ్డ ఆ కాలిని నోట్లో పెట్టుకుంటుంది. అందుచేత పెన్సిలుతో చుట్టూ గీసి దాని మీద కాడకుట్టు వేయడమే మంచిది. పసిబిడ్డ నిద్రలో ఉన్నప్పుడు, ఆ గడి భాగానికి వెనుక గట్టి అట్ట పెట్టి, బట్టను అరికాలికి ఆనించి గీయండి. పెన్సిలును నిటారుగా పట్టుకోవాలి, లోపలికి వాలిస్తే పాదం సన్నబడుతుంది, బయటికి వాలిస్తే లావవుతుంది. నడక వచ్చిన బిడ్డను బట్ట మీదే నిలబెట్టి గీయవచ్చు. కదిలితే గీత రెండుగా పడుతుంది. రెండు గీతలనూ అలాగే కుట్టండి, నిలవని వయసు అని ఆ గీతే చెబుతుంది. అప్పుడే పుట్టిన పాదం 8 సెంటీమీటర్ల లోపే ఉంటుంది కాబట్టి మొదటి గడిలో మూడు నాలుగు పాదాలకు చోటు దొరుకుతుంది, పదేళ్లు దాటితే గడికి ఒక్క పాదమే పడుతుంది.

మొలతాడు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఎవరూ కొలవకుండానే కొలత పట్టి ఉంచే వస్తువు మన ఇళ్లలో అదొక్కటే. ఉయ్యాలలో వేసిన నాడు కట్టిన తాడు మొదలు, బిగుతైన ప్రతిసారీ మార్చిన తాళ్లన్నీ బిడ్డ నడుము చుట్టుకొలతలే. వాటిని పారేయకుండా, విప్పేటప్పుడు ముడిని కత్తిరించకుండా పక్కన కత్తిరించి, తేదీ రాసిన చీటీతో దాచండి. అందులో నూనె, నలుగుపిండి ఇంకి ఉంటాయి. కుంకుడు నీళ్లలో కాసేపు నానబెట్టి ఆ జిడ్డు తీయకపోతే చుట్టూ బట్ట పసుపురంగుకు తిరుగుతుంది, పురుగూ పడుతుంది. ఆరాక గడిలో గుండ్రంగా పరచి పట్టుకుట్లు వేయండి. నల్లటి ఆ వలయాలు ఒకదాని చుట్టూ ఒకటి పెద్దవవుతూ పోవడం చూస్తే, ఏ సంవత్సరం బిడ్డ ఒళ్లు చేసిందో, ఏ సంవత్సరం జ్వరాలతో చిక్కిందో కూడా తెలుస్తుంది.

నాలుగవ పని: మాటలు, గీతలు, అక్షరాలు

తొలి మాటలను బిడ్డ పలికినట్టే రాయాలి. సంగటిని ‘తంగటి’ అన్నా, జేజిని ‘దేది’ అన్నా, ఓళిగను ‘ఓయిగ’ అన్నా అదే కుట్టండి. పెద్దల తెలుగులోకి దిద్దిన మరుక్షణం అది ఏ బిడ్డ మాటైనా కావచ్చు. మాట కింద ఎవరు విన్నారో కూడా చిన్నగా రాయండి. తల్లి పనికి పోయిన పగటి పూట చాలా మాటలు అవ్వల చెవిన, జేజినాయనల చెవిన పడతాయి. వాళ్ల పేర్లు ఈ బట్ట మీద ఉండవలసిన పేర్లే. వినగానే వంటింట్లో ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టి, పుట్టినరోజుకు ముందు నాలుగైదు మాటలు ఎంచుకొని కుట్టుకుంటే సరిపోతుంది. నోటుపుస్తకాన్ని నమ్మండి, జ్ఞాపకాన్ని నమ్మవద్దు.

రెండేళ్ల లోపు పిల్లలు గీసేవి చెయ్యి ఊగిన దారులే. మూడేళ్ల దగ్గర గీత తన మొదలుకు తిరిగి వచ్చి సున్నా అవుతుంది, ఆ తర్వాత కొన్నాళ్లకు ఆ సున్నాకు కాళ్లు మొలిచి మనిషి అవుతుంది, ఒళ్లు ఇంకా ఉండదు. ఈ మూడు దశల్లో ఒక్కొక్క బొమ్మ తప్పనిసరిగా ఉండేలా చూసుకోండి. కాగితాన్ని పగటిపూట కిటికీ అద్దానికి అతికించి, దాని మీద బట్ట పెట్టి పెన్సిలుతో ఎత్తి రాసుకోవచ్చు. వెనుక కోరా గుడ్డ ఉన్నందువల్ల వెలుతురు చాలకపోతే ఆ గడి దగ్గర టాకాలు విప్పి, చీర పొరను మాత్రమే అద్దానికి పెట్టండి. గీత వంకరను వంకరగానే కుట్టాలి. చెయ్యి తిరిగిన కుట్టుపనివాళ్లకు ఇదే అన్నిటికంటే కష్టం, సూది తనంతట తానే నునుపు చేయబోతుంది. అందుకే కుట్లు చిన్నవిగా వేసి, బిడ్డ ఆగిన చోట ఆగి, మళ్లీ మొదలుపెట్టిన చోట మొదలుపెట్టండి.

అక్షరాభ్యాసం నాటి బియ్యంలోని గీత నిలవదు కాబట్టి, ఆ వారంలో పలక మీద బిడ్డ సొంతంగా రాసిన అక్షరాన్ని సుద్ద చెరగకముందే పలచని కాగితం మీదికి ఎత్తుకోండి. తలకట్టు మరచిన అక్షరం, అద్దంలో చూసినట్టు తిరగబడ్డ అక్షరం, ఒత్తు పక్కకు జారిన తన పేరు, ఇవన్నీ తప్పులతో సహా చీర మీదికి రావాలి.

ఐదవ పని: తల్లి వరుస

ప్రతి గడిలో పై అంచు వెంట నాలుగు వేళ్ల పట్టీ తల్లి కోసం వదలండి. అక్కడ ఏడాదికి ఒక వాక్యం, మీ చేతిరాతలోనే, గొలుసుకుట్టుతో. బిడ్డ మీద దీవెనలు, ఆశీర్వాదాలు ఇక్కడ రాయవద్దు, వాటికి వేరే చోట్లు ఉన్నాయి. ఆ ఏడు మీరు ఎక్కడ పనిచేశారు, రాత్రి ఎన్నిసార్లు లేచారు, పాలు మాన్పించిన వారం మీకెలా ఉండింది, బిడ్డను వదిలి మళ్లీ ఉద్యోగానికి పోయిన మొదటి రోజు బస్సులో ఏం తలచుకున్నారు, ఇలాంటి సంగతి ఒకటి. ‘ఈ ఏడు నేను చీర కుచ్చిళ్లు తీరిగ్గా పెట్టుకున్నది ఒక్క పెండ్లికే’ అన్నంత చిన్న వాక్యం చాలు. తల్లి కాక జేజి గానీ, అత్త గానీ, నాయన గానీ పెంచుతుంటే ఆ వరుస వాళ్లది.

మన ఆచారాల్లో కొన్ని గుర్తులు ఇంటివి కావు. పుట్టువెంట్రుకలు దేవుని కడపలోనో, కదిరిలోనో, అహోబిలంలోనో మొక్కు తీర్చి ఇచ్చివేసినవి. వాటిలో పాయ దాచి చీరకు కుట్టడం నాకు సరైనదిగా తోచదు. ఆ తేదీని, ఆ గుడి పేరును కుట్టి, దాని పక్కన అరచేయంత ఖాళీ వదలండి.

ఖాళీల గురించి

ఇది చదివేసరికి మీ బిడ్డకు ఏడేళ్లు వచ్చి ఉంటే ఎనిమిదో గడి నుంచి మొదలుపెట్టండి. వెనుకటి గడుల్లో దొరికిన జుబ్బా ముక్క, ఆసుపత్రి చీటీలోని బరువు, టీకాల కార్డులోని తేదీలు ఉంటే కుట్టండి. అంచనాతో పాదం గీయవద్దు. ఏదో ఒక ఏడు ఇంట్లో జబ్బో, అప్పో, చావో వచ్చి కుట్టలేకపోతే ఆ గడి ఖాళీగానే ఉండనివ్వండి, తర్వాత పూరించవద్దు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఈ పని చేయదలిస్తే, మిగిలిన బట్టను కత్తిరించకుండా మొత్తం చీరను అలాగే ఉంచుకోమని మాత్రం చెప్పగలను.

పదేళ్లు దాటాక

పదేళ్ల వయసులో చీర మొత్తం బిడ్డ ముందు పరచి చూపండి. పక్క తడిపిన సంగతి, నత్తిగా పలికిన మాట, తనకు సిగ్గనిపించేది ఏదైనా ఉంటే, విప్పమని అడిగే హక్కు ఆ బిడ్డది. కుట్టు విప్పేయండి, వాదించవద్దు. సూది రంధ్రాలు ఎలాగూ కొంత కాలం మిగులుతాయి. ఆ తర్వాతి గడుల్లో ఏముండాలో బిడ్డే చెప్పాలి, వీలైతే బిడ్డే కుట్టాలి. మగపిల్లలకు సూది పట్టడం నేర్పడానికి ఇంతకంటే మంచి సందర్భం దొరకదు. తల్లి వరుస మాత్రం చివరి గడి దాకా తల్లిదే.

భద్రపరచడం

అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానే పడుతుంది, కడప, కర్నూలు కూడా పొడి నేలలే, కాబట్టి బూజు భయం కోస్తాతో పోలిస్తే తక్కువ. మనకున్న శత్రువులు ఎండ, దుమ్ము, చెదలు. చీరను మడవవద్దు, మడత మీద పోగులు తెగుతాయి. నేసిన బట్టను మగ్గం మీద చుట్టినట్టు, లావుపాటి అట్ట గొట్టానికి ఉతికిన కోరా గుడ్డ చుట్టి, దాని మీద కుట్టు పైవైపుకు వచ్చేలా చీరను వదులుగా చుట్టండి. పైన మళ్లీ గుడ్డ చుట్టి నూలు నాడాతో కట్టండి. ప్లాస్టిక్ సంచి వద్దు. గోడను ఆనుకొని ఉన్న అటక మీద కాక, చెదలు చేరని ఇనుప బీరువాలో పెట్టండి. ఎండబెట్టిన వేపాకును పలచని గుడ్డ సంచిలో పోసి పక్కన ఉంచవచ్చు గానీ, ఆకు బట్టకు తగిలితే మరక పడుతుంది.

కలరా ఉండలు వేయవద్దు. వాటిలోని నాఫ్తలీన్ వాసన పట్టిన బట్టలు తగిలితే, జీ6పీడీ అనే ఎంజైము లోపంతో పుట్టిన పసిబిడ్డల్లో ఎర్ర రక్తకణాలు చిట్లి కామెర్లు ప్రమాదకరంగా ముదరవచ్చు. ఇంట్లో పసిబిడ్డ ఉన్నంత కాలం వాటిని ఏ బీరువాలోనూ ఉంచకపోవడమే మంచిది.

ఏటా పుట్టినరోజుకు చీరను తీసి, నీడపట్టున ఒక పూట గాలికి పరచి, కొత్త గడి కుట్టి, మళ్లీ చుట్టండి. గోడకు వేలాడదీయాలంటే వెనుక కోరా గుడ్డకు పై అంచు పొడవునా ఒక గుడ్డ గొట్టం కుట్టి అందులో కర్ర దూర్చాలి, చీరకు నేరుగా మేకులు, క్లిప్పులు పెట్టకూడదు. ఎండ పడని గోడ మీద కూడా కొన్ని వారాలకు మించి ఉంచవద్దు.

రెండో బిడ్డ పుడితే మరో చీర మొదలుపెట్టండి, ఇద్దరినీ ఒకే చీర మీద కుట్టవద్దు. పక్కపక్కనే పాదాలు కనిపిస్తే పోలికలు మొదలవుతాయి. మొదటి చీర కోసం కొన్న దారాల రంగులను కొద్దిగా మిగిల్చి దాచుకుంటే, ఎక్కడైనా కుట్టు ఊడినప్పుడు అదే రంగుతో సరిచేయవచ్చు. కొత్త దారం రంగు ఎంత వెతికినా పాతదానితో కలవదు.